బొప్పి కట్టిందా, లోపల తగిలిందా?

సాయంత్రం ఆరు దాటితే మన పుదుచ్చేరి బీచ్ రోడ్డు మీదికి బండ్లను రానివ్వరు. అక్కణ్ణుంచి రోడ్డంతా మనదే. స్కేటింగు, పరుగులు, బంతాట. రోజూ ఎవరో ఒకరు పడుతూనే ఉంటారు. పడినవాళ్ళు చేసే మొదటి పని ఏమిటో గమనించారా? లేచి, ఎవరైనా చూశారా అని నాలుగు పక్కలా చూసి, బట్టలు దులుపుకొని "ఏం కాలేదు" అంటారు. మేమూ ఎన్నోసార్లు అన్నాం. మోకాలికి తగిలినప్పుడు ఆ మాట నమ్మవచ్చు. తలకు తగిలినప్పుడు మాత్రం, అన్నవాడే అయినా సరే, నమ్మకూడదు.

మాకు ఇది పుస్తకం చదివి తెలియలేదు. పోయిన సంవత్సరం మా తరగతి అబ్బాయి ఒకడు స్నేహితుడి స్కేట్‌బోర్డు ఎక్కి వెనక్కి పడ్డాడు. తల వెనక భాగం ఫుట్‌పాత్ అంచుకు తగిలింది. రక్తం రాలేదు. చిన్న బొప్పి కట్టింది, అంతే. వాళ్ళ నాన్నగారికి బదిలీ అయి ఆ ఊరి నుంచి ఇక్కడికి వచ్చి రెండు నెలలే. చీకటి పడ్డాక బీచ్‌కు వెళ్ళొద్దని ఇంట్లో ముందే చెప్పి ఉన్నారు కాబట్టి వాడు నోరు విప్పలేదు. రాత్రి రెండుసార్లు వాంతి అయింది. బయట ఏదో తిని ఉంటాడని వాళ్ళమ్మ మజ్జిగ ఇచ్చింది. తెల్లారి "ఇవాళ ఏ వారం?" అని ఒకే ప్రశ్న నాలుగుసార్లు అడిగితే అప్పుడు భయపడి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. స్కాన్‌లో రక్తస్రావం ఏమీ లేదు. వాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు, మాకంటే ఎక్కువ పరుగులే చేస్తున్నాడు. కానీ ఆ రాత్రంతా ఆ ఇంట్లో ఎవరికీ వాడు పడ్డ సంగతి తెలియదన్న విషయం మమ్మల్ని వదల్లేదు. అందుకని జీవశాస్త్రం టీచర్‌గారిని అడిగి, పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

తలను బయటి నుంచి లోపలికి చూద్దాం. ముందు చర్మం. నెత్తి మీది చర్మంలో రక్తనాళాలు ఎక్కువ. పైగా అవి గట్టి కణజాలానికి అతుక్కుని ఉంటాయి కాబట్టి తెగితే చేతి మీది నాళాల్లా త్వరగా ముడుచుకుపోవు. అందుకే చిన్న గాయమైనా చొక్కా అంతా తడిసేంత రక్తం వస్తుంది. చూసేవాళ్ళకు గుండె జారిపోతుంది. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకుంటే చాలాసార్లు ఆగిపోతుంది, తర్వాత కుట్లు వేస్తారు. చర్మం తెగకుండా దాని కింద రక్తం చేరితే అదే బొప్పి. కాఫీపొడి అద్దడం, పసుపు పట్టించడం మన ఇళ్ళలో అలవాటు. తెగిన గాయంలో కాఫీపొడి వేస్తే దాన్ని కడిగి తీయడం డాక్టరుకు అదనపు పని. బొప్పికి గుడ్డలో చుట్టిన ఐసుముక్క చాలు. అమ్మమ్మ కొంగు ఊది పెట్టే వెచ్చదనం మాత్రం మేము వద్దనం. దానివల్ల నష్టం లేదు, ఏడుపు ఆగుతుంది.

చర్మం కింద పుర్రె. దాని కింద మూడు పొరలు. మనం ఇంగ్లీషులో డ్యూరా మేటర్, అరక్నాయిడ్, పయా మేటర్ అని చదివేవాటికి తెలుగు మాధ్యమం పుస్తకాల్లో వరాశిక, లౌతికళ, మృద్వి అని చక్కని పేర్లున్నాయి. ఆ పొరల మధ్య కొద్దిగా నీటి వంటి ద్రవం, పెద్దవాళ్ళలో మొత్తం 150 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. అందులో తేలుతున్నట్టుగా మెదడు. బరువు 1,300 నుంచి 1,400 గ్రాములు. మెత్తదనంలో జున్నుముక్క అనుకోండి. గట్టి డబ్బాలో నీళ్ళు పోసి జున్ను పెట్టి మూత బిగించినట్టుంటుంది మన తల. డబ్బా గట్టిది కావడం మంచిదే, కానీ అది సాగదు. లోపల ఎక్కడైనా రక్తం చేరితే దానికి చోటివ్వడానికి మెదడే నలగాలి. తల గాయాల్లో ప్రమాదమంతా ఈ ఒక్క సంగతి నుంచే పుడుతుందని చెప్పవచ్చు.

ఇప్పుడు మా స్నేహితుడికి తగిలిన దెబ్బ సంగతి. దాన్ని కన్‌కషన్ అంటారు. దెబ్బకు మెదడు కుదుపుకు లోనై, దాని పని కొంతసేపు తారుమారవుతుంది. స్పృహ తప్పి తీరాలని లేదు, చాలామందికి తప్పదు కూడా. కళ్ళు బైర్లు కమ్మడం, తలనొప్పి, వాంతి, వెలుతురు చూడలేకపోవడం, అడిగిందే అడగడం, దెబ్బ తగిలిన ముందూ వెనకా నిమిషాలు గుర్తు లేకపోవడం, కారణం లేకుండా చిరాకు. ఇలా ఉంటాయి లక్షణాలు. స్కాన్ తీస్తే మామూలుగానే కనిపిస్తుంది. "స్కాన్‌లో ఏమీ లేదట, రేపట్నుంచి ఆటకు రా" అని పిలిచే స్నేహితులు ఉంటారు, వాళ్ళ మాట వినకండి. ఒక కుదుపు నుంచి మెదడు పూర్తిగా తేరుకోకముందే రెండో దెబ్బ తగిలితే, అరుదుగానే అయినా, ప్రాణం మీదికి వస్తుంది. మొదట విశ్రాంతి, తర్వాత నడక, చదువు, పరుగు, అన్నిటికంటే చివర ఆట. ఏ మెట్టు మీదైనా తలనొప్పి తిరిగొస్తే ఒక మెట్టు దిగాలి.

క్రికెట్ చూసేవాళ్ళకు ఇది తెలిసిన కథే. 2019 ఆగస్టులో లార్డ్స్ టెస్టులో జోఫ్రా ఆర్చర్ బంతి స్టీవ్ స్మిత్ మెడకు తగిలింది. ఆయన బయటికి వెళ్ళి, పరీక్షలు చేయించుకుని, మళ్ళీ వచ్చి బ్యాటింగు కూడా చేశాడు. మర్నాటికి తల దిమ్ముగా ఉందన్నాడు. ఆయన స్థానంలో మార్నస్ లబుషేన్ ఆడాడు. టెస్టు చరిత్రలో మొదటి కన్‌కషన్ సబ్‌స్టిట్యూట్ అతనే. ఆ నిబంధన అమల్లోకి వచ్చింది సరిగ్గా ఆ నెల ఒకటో తేదీనే. మేము గమనించింది ఏమిటంటే, లక్షణాలు బయటపడింది దెబ్బ తగిలిన పూట కాదు, ఒక రాత్రి గడిచాక.

పుర్రె పగలడం ఇంకో రకం. జుట్టంత సన్నని గీతలా చిట్లితే చాలాసార్లు దానంతటదే అతుక్కుంటుంది. ఎముక ముక్క లోపలికి నొక్కుకుపోతే శస్త్రచికిత్స కావచ్చు. కనిపెట్టడం కష్టమైనది పుర్రె అడుగు భాగం పగలడం, ఎందుకంటే అక్కడ బయటికి గాయమే కనిపించదు. కంటికి దెబ్బ తగలకపోయినా ఒకటి రెండు రోజుల్లో రెండు కళ్ళ చుట్టూ నల్లగా కములుతుంది. చెవి వెనక ఎముక మీద నీలంగా తేలుతుంది. ముక్కులోంచో చెవిలోంచో పలచని నీరు కారుతుంది. జలుబు అనుకుని చీదుతారు. అది జలుబు కాదు, మెదడు చుట్టూ ఉండాల్సిన ద్రవం. ముక్కు చీదకూడదు, చెవిలో దూది కుక్కకూడదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మెదడు కములడం మరొకటి. ఇందులో వింత ఒకటుంది. వెనక్కి పడితే దెబ్బ తగిలింది తల వెనక, మెదడు కమిలేది తరచుగా ముందు భాగంలో. బస్సు సడన్ బ్రేకు వేస్తే మనం ముందుకు తూలినట్టు, లోపల మెదడు కూడా జరిగి ఎదుటి గోడకు కొట్టుకుంటుంది. మరీ వేగంగా జరిగే రోడ్డు ప్రమాదాల్లో తల మెలితిరిగి, మెదడులోని సన్నని నరాల పోగులే తెగిపోతాయి. అలాంటివాళ్ళు మొదటి క్షణం నుంచే స్పృహలో ఉండరు.

అన్నిటికంటే ఎక్కువ చెప్పాల్సింది లోపలి రక్తస్రావం గురించి.

కణత మీద వేలు పెట్టి చూడండి. పుర్రెలో పలచని చోట్లలో అదొకటి. సరిగ్గా దాని కింద, ఎముకకూ వరాశికకూ మధ్య ఒక ధమని నడుస్తుంది. అక్కడ ఎముక చిట్లితే ఆ ధమని తెగవచ్చు. ధమని రక్తం ఒత్తిడితో చిమ్ముతుంది కదా, ఎముక నుంచి పొరను ఊడదీస్తూ అక్కడ గడ్డకట్టి పెరుగుతుంది. దెబ్బకు స్పృహ తప్పినవాడు కాసేపటికి లేచి కూర్చుంటాడు. మాట్లాడతాడు, నవ్వుతాడు, ఇంటికి పోదామంటాడు. అందరూ హమ్మయ్య అనుకుంటారు. లోపల మాత్రం రక్తం చేరుతూనే ఉంటుంది. గంటకో, నాలుగు గంటలకో తలనొప్పి పెరుగుతుంది, వాంతులవుతాయి, మాట ముద్దగా వస్తుంది, మత్తుగా పడుకుంటాడు, ఒక కంటిపాప రెండోదానికంటే పెద్దదవుతుంది. మధ్యలో ఆ తెరిపి ఇచ్చిన సమయమే మోసం చేస్తుంది. అదే సమయంలో ఆసుపత్రికి చేరితే, గడ్డను తీసేస్తే, మనిషి పూర్తిగా కోలుకునే అవకాశం ఎక్కువ. అందరిలోనూ ముందు స్పృహ తప్పాలనేమీ లేదు. కొందరు మొదటి నుంచీ బాగానే ఉండి తర్వాత కూలబడతారు.

భారత క్రికెటర్ రమణ్ లాంబా సంగతి విన్నప్పుడు మాకు ఒళ్ళు జలదరించింది. 1998 ఫిబ్రవరి 20న ఢాకాలో క్లబ్ మ్యాచ్ ఆడుతూ షార్ట్ లెగ్‌లో నిలబడ్డాడు. హెల్మెట్ పెట్టుకోలేదు. బ్యాటర్ కొట్టిన బంతి తలకు తగిలి వెనక్కి ఎగిరితే వికెట్‌కీపర్ క్యాచ్ పట్టాడు. ఔట్! లాంబా లేచి నడుచుకుంటూ మైదానం బయటికి వెళ్ళాడు. ఆ తర్వాత పరిస్థితి విషమించింది. తలలో రక్తస్రావం. మూడో రోజు, ఫిబ్రవరి 23న చనిపోయాడు. వయసు 38.

ఇక సిరల నుంచి కారే రక్తం ఉంది. అది వరాశిక కింద, నెమ్మదిగా చేరుతుంది. ఇందులో పెద్దవాళ్ళ గురించి చెప్పాలి. బదిలీ ఇళ్ళలో తాతయ్యా నాయనమ్మా ఏడాదికోసారి వచ్చి నెల్లాళ్ళు ఉండి వెళ్తారు. క్వార్టర్స్ వాళ్ళకు కొత్త. గడప ఎక్కడుందో, బాత్‌రూము నేల ఎంత జారుతుందో తెలియదు. వయసుతో మెదడు కొద్దిగా కుంచించుకుపోయి, దాన్ని పొరతో కలిపే సిరలు బిగుతుగా లాగి ఉంటాయి. చిన్న దెబ్బకే తెగుతాయి. గుండెజబ్బుకు రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్ళయితే మరీను. తాతయ్య జారి, తల గోడకు తగిలి, టీ తాగి మర్చిపోతారు. మూడు నాలుగు వారాల తర్వాత, బహుశా ఊరికి తిరిగి వెళ్ళిపోయాక, నడకలో తడబాటు, మాటల మధ్య మరపు, పగలంతా మత్తు. అక్కడివాళ్ళు "వయసు మీద పడింది" అంటారు. బాత్‌రూములో జారిన సంగతి తెలిసినవాళ్ళం ఇక్కడ మనం ఉన్నాం! ఫోన్‌లో ఆ ఒక్క మాట చెప్తే స్కాన్ తీస్తారు. చాలామందికి పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఆ పాత రక్తాన్ని బయటికి తీసేస్తే మళ్ళీ మామూలు మనిషి అవుతారు.

చెప్పలేనివాళ్ళు ఇంకా ఉన్నారు, చంటిపిల్లలు. మంచం మీంచి పడ్డ పాప పాలు తాగకపోయినా, ఆపకుండా ఏడ్చినా, ఏడవకుండా తూగుతున్నా, నెత్తి మీద మెత్తగా ఉండే మాడు ఉబ్బినట్టు కనిపించినా ఆలస్యం చేయకూడదు.

ఆసుపత్రిలో ముందు చేసేది స్కాన్ కాదని తెలిసి ఆశ్చర్యపోయాం. ముందు మాట్లాడిస్తారు. 1974లో స్కాట్లాండులోని గ్లాస్గోలో గ్రాహం టీస్‌డేల్, బ్రయన్ జెన్నెట్ అనే ఇద్దరు వైద్యులు ఒక కొలబద్ద తయారుచేశారు. కళ్ళు తెరవడానికి 4 మార్కులు, మాటకు 5, కాళ్ళూ చేతులూ కదిలించడానికి 6. మొత్తం 15. ఎంత తక్కువ స్థితిలో ఉన్నా 3కు తగ్గదు, ఈ పరీక్షలో సున్నా లేదు. 13 నుంచి 15 వస్తే స్వల్పం, 9 నుంచి 12 మధ్యస్థం, 8 లేదా అంతకు తక్కువైతే తీవ్రం. ఒకసారి చూసి వదలరు, మళ్ళీ మళ్ళీ చూస్తారు, మార్కులు తగ్గుతున్నాయా అని. మాటకు అయిదు మార్కులు రావాలంటే నువ్వెవరు, ఎక్కడున్నావు, ఇది ఏ నెల అన్న ప్రశ్నలకు సరిగ్గా జవాబు చెప్పాలి. ఇక్కడ మాకో ఆలోచన వచ్చింది. పుదుచ్చేరిలో ఆ ప్రశ్న తమిళంలో అడుగుతారు. ఆదిలాబాదు నుంచో అనకాపల్లి నుంచో నిన్నగాక మొన్న వచ్చిన పిల్లవాడు తెల్లమొహం వేస్తే అది దెబ్బ వల్లా, భాష వల్లా? మనలో ఎవరైనా వెంట వెళ్తే "వీడికి తమిళం రాదు, తెలుగులో అడగనివ్వండి" అని చెప్పడం కూడా ఒక సాయమే.

ఆ తర్వాత అవసరమైతే సీటీ స్కాన్. 1971 అక్టోబరు 1న లండన్‌లో మొదటిసారి ఒక రోగి తలను ఇలా చూశారు. ఆ యంత్రం కనిపెట్టిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ డాక్టరు కాదు, ఇంజనీరు. 1979లో అలెన్ కార్మాక్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. అంతకు ముందు లోపల రక్తం గడ్డ ఎక్కడుందో తెలుసుకోవడానికి వైద్యులు ఎక్కువగా లక్షణాల మీదా, కంటిపాపల మీదా ఆధారపడేవారు.

దెబ్బ తగిలినవాడి దగ్గర మనం ఉంటే ఏం చేయాలి? కదలకుండా పడుకోబెట్టాలి, మెడకు కూడా తగిలి ఉండవచ్చు కాబట్టి లాగి కూర్చోబెట్టకూడదు. ఊపిరి ఆడుతుంటే హెల్మెట్ పీకకూడదు. మన వైపు ఎవరైనా పడితే సోడా తెచ్చేవాళ్ళు ముందుంటారు. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు గాని సోడా గాని పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మూర్ఛ వస్తే చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఏమీ జరగదు. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు జరిపి, మెడ మెలిపడకుండా జాగ్రత్తగా పక్కకు తిప్పి ఉంచాలి. ఇంటికి పంపిస్తే మొదటి ఇరవై నాలుగు గంటలు ఒంటరిగా ఉంచకూడదు. నిద్రపోనివ్వకూడదని కొందరు అంటారు గాని నిద్రకు దోషం లేదు. లేపితే మామూలుగా లేచి మాట్లాడుతున్నాడా అన్నది ముఖ్యం. నొప్పి మాత్ర ఏది వేయాలో డాక్టరునే అడగాలి, కొన్ని మాత్రలు రక్తస్రావాన్ని పెంచుతాయి.

తలకు వచ్చిన ఆపద తలపాగాతో పోయినట్టు అన్న సామెత పుట్టినప్పుడు హెల్మెట్ లేదు గాని, సామెత దానికి సరిగ్గా సరిపోతుంది. లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపడ్డ టి.ఇ. లారెన్స్ 1935 మే 13న ఇంగ్లండులో మోటార్‌సైకిల్ మీద వెళ్తూ, సైకిళ్ళ మీద ఉన్న ఇద్దరు అబ్బాయిలను తప్పించబోయి పడ్డాడు. తలకు రక్షణ లేదు. ఆరు రోజులకు మరణించాడు. చూసిన వైద్యుల్లో ఒకరైన హ్యూ కెయిర్న్స్ ఆ తర్వాత ఏళ్ళ తరబడి మోటార్‌సైకిల్ నడిపేవాళ్ళ తల గాయాలను పరిశీలించి, హెల్మెట్ ఎంత అవసరమో 1941లో ఒక వ్యాసం ప్రచురించాడు. హెల్మెట్ పనిచేసే తీరు మన తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకంలోనే ఉంది. క్యాచ్ పట్టేటప్పుడు చేతులు వెనక్కి ఎందుకు లాగుతారు? బంతి ఆగడానికి పట్టే సమయం పెంచడానికి. హెల్మెట్ లోపలి థర్మోకోల్ వంటి పొర నలుగుతూ తల ఆగే సమయాన్ని అలాగే పెంచుతుంది. ఒకసారి నలిగిన పొర మళ్ళీ ఉబ్బదు కాబట్టి ప్రమాదంలో దెబ్బతిన్న హెల్మెట్‌ను మార్చాల్సిందే. మన దేశంలో దాని మీద ఐ.ఎస్. 4151 అన్న గుర్తు ఉండాలి. గడ్డం కింద పట్టీ బిగించకపోతే అది తలకంటే ముందే ఎగిరిపోతుంది.

మన ఊళ్ళో హెల్మెట్ మీద 2019 ఫిబ్రవరిలో పెద్ద రగడే జరిగింది. నిరసనగా హెల్మెట్లు పగలగొట్టిన దృశ్యాలు వార్తల్లో వచ్చాయి. ఆ వాదాల్లోకి మేము పోము. పగిలినవి హెల్మెట్లే కావడం నయం. చట్టం మాత్రం స్పష్టంగా ఉంది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం బండి మీద వెనక కూర్చున్నవాళ్ళు కూడా, నాలుగేళ్ళు దాటిన పిల్లలతో సహా, హెల్మెట్ పెట్టుకోవాలి. పొద్దున బడి గేటు దగ్గర నిలబడి చూస్తే నాన్న తల మీద హెల్మెట్ ఉంటుంది, వెనక కూర్చున్న మనకు బ్యాగు మాత్రమే ఉంటుంది.

ప్రమాదం జరిగితే 108కి ఫోన్ చేయాలి. గోరిమేడులో జిప్మర్ ఉంది. 1823లో ఫ్రెంచివారు పెట్టిన వైద్య పాఠశాలతో మొదలైన చరిత్ర దానిది, 1964 నుంచి ఈ పేరుతో ఉంది. ఊరి మధ్యలో ఇందిరా గాంధీ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. దెబ్బ తగిలినవాళ్ళను మంచి మనసుతో ఆసుపత్రికి చేర్చినవాళ్ళను ఇబ్బంది పెట్టకుండా అదే చట్టం 134ఎ సెక్షన్ కాపాడుతుంది, కాబట్టి తీసుకెళ్ళే పెద్దవాళ్ళు కేసుల గురించి భయపడనక్కర్లేదు.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నాలుగు తమిళ మాటలు. "తలయిల అడిపట్టిరుక్కు" అంటే తలకు దెబ్బ తగిలింది. "మయంగి విళుందుట్టాన్" అంటే స్పృహ తప్పి పడిపోయాడు, అమ్మాయి అయితే "విళుందుట్టా". వాంతిని "వాంది" అంటారు, మీకు కష్టం లేదు. "మయక్కం" అంటే మన మైకం లాంటిదే. అవతలివాళ్ళు తప్పకుండా "ఎప్పో?" అని అడుగుతారు, ఎప్పుడు అని. అందుకే పడగానే గడియారం చూసి పెట్టుకోండి. అంబులెన్సు వాళ్ళు అడిగే రెండో ప్రశ్న ఇల్లు ఎక్కడ అని. క్వార్టర్ నంబరు, వీధి పేరు, ఏ గేటు నుంచి రావాలో కొత్త ఊరికి వచ్చిన వారంలోనే ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అంటించాం, మా స్నేహితుడి ఇంట్లో కూడా.